లాకుల దగ్గర బి.ఏ. పంక్తి

పిక్నిక్కు అన్న మాట వింటే నాకు ఈనాటికీ ఒళ్ళు మండుతుంది. వనభోజనాలనండి, కార్తీక సమారాధన అనండి, ఏ పేరు పెట్టి పిలిచినా నేను వెళ్ళను. మా వీధిలో వాళ్ళు పిలిచి పిలిచి మానేసేరు. ఈవిడకి జనం పడదు అనుకుంటారు. పడదు, అందులో దాచుకునేదేం లేదు. ఎందుకు పడదో ఎవరూ అడగలేదు గనక నేనే చెప్తున్నాను.

స్వరాజ్యం వచ్చిన కొత్తలో మా కొత్తపేటలో పట్టభద్రుల సంఘం అని ఒకటి పెట్టేరు. కోనసీమలో బి.ఏ. పాసయిన వాళ్ళెవరైనా అందులో చేరొచ్చు. ప్లీడర్లు, హైస్కూలు మేష్టర్లు, చదువు పూర్తి చేసుకొచ్చి కొబ్బరితోటలో మడతకుర్చీ వేసుకున్న భూస్వాముల కొడుకులు, అందరూ చేరేరు. ఆ సంఘం ఏం చేసేదయ్యా అంటే షికార్లు చేసేది. ఓసారి అంతర్వేది, ఓసారి వాడపల్లి, ఓసారి ధవళేశ్వరం ఆనకట్ట. వెళ్ళడం, సుష్ఠుగా తినడం, ఎంగిలాకులు అక్కడ పారేసి రావడం. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు విజ్ఞాన విహారం. ఎంత విజ్ఞానమో మీరే చూద్దురుగాని.

ఆ విహారాల్లో ఒక ఆచారం ఉండేది. మధ్యాహ్నం ఆకుల ముందు కూర్చున్నాక, అన్నం వడ్డించే ముందు, పంక్తి మొదట్నుంచి ఒక్కొక్కరే లేచి తన డిగ్రీ ఏమిటో, ఏం చదివేడో, ఎక్కడ చదివేడో, ఏ క్లాసులో పాసయ్యేడో చెప్పాలి. దాన్ని పరిచయం అనేవారు. ఎమ్మేలు ముందు, ఆనర్సు వాళ్ళు తరవాత, బి.ఏ.లు ఆ తరవాత. బి.ఏ. తప్పిన వాళ్ళని, ఇంటరుతో ఆగిపోయిన వాళ్ళని సంఘంలో చేర్చుకోకపోయినా షికారుకి రానిచ్చేవారు, కాని వాళ్ళు రెండో పంక్తిలో కూర్చోవాలి. భోజనాలయ్యాక అక్కడే మీటింగు. పరిచయం చెప్పిన వాళ్ళకే ఆ మీటింగులో నోరు విప్పే హక్కు. ఆడవాళ్ళ భోజనాలు అన్నిటికన్నా ఆఖర్ని, మిగిలినదాంతో.

నేను బి.ఏ. మద్రాసులో సముద్రం ఒడ్డునున్న ఆడవాళ్ళ కాలేజీలో చరిత్ర చదివి రెండో క్లాసులో పాసయ్యేను. యుద్ధం రోజుల్లో బాంబులు పడతాయని మద్రాసు మద్రాసంతా ఖాళీ అయిపోతే ఇంటికొచ్చేసి, భయం తగ్గేక మళ్ళీ వెళ్ళి చదివేను. మా నాన్నగారు బడిపంతులు. ఊరంతా నవ్వినా ఖాతరు చెయ్యకుండా చదివించేరు.

పెళ్ళినాటికి మా ఆయన కూడా బి.ఏ. పరీక్ష రాసి ఉన్నారు. ఫలితాలు రాకుండానే ముహూర్తం పెట్టేసేరు. మూడు ముళ్ళూ పడ్డాక ఫలితాలొచ్చేయి. ఇంగ్లీషులో పోయింది. మళ్ళీ కట్టేరు, మళ్ళీ పోయింది. ఇంక చాలని తాలూకాఫీసులో గుమాస్తాగా చేరిపోయేరు. ఆ విషయంలో నేనాయన్ని ఒక్క మాట కూడా అనలేదు, ఒట్టు. పరీక్ష పోవడం నేరమేం కాదు.

నేను మా ఊరి ఆడపిల్లల స్కూల్లో టీచర్ని. ఆ స్కూలు థర్డు ఫారంతో, అంటే ఇప్పటి ఎనిమిదో క్లాసుతో సరి. ఫోర్తు ఫారం చదవాలంటే మగపిల్లల హైస్కూలుకి వెళ్ళాలి. అక్కడికి పంపే తల్లిదండ్రులెవరు? ఏటా ఎండాకాలం సెలవలిచ్చిన రోజున ఒక తరగతి తరగతంతా పలకా బలపం అటకెక్కించేసేది. ఆ ఏడు ఆ తరగతిలో ఒక పిల్ల ఉండేది. సంఘం ప్రెసిడెంటు గారి ఆఖరి కూతురు. నేను లెక్క చెప్పడం పూర్తవకుండానే జవాబు అరిచేసేది. అరవకే అంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వేళ్ళ సందుల్లోంచి చెప్పేసేది. నేను కోప్పడేదాన్ని. కోప్పడుతూ లోపల ఎంత మురిసిపోయేదాన్నో ఆ పిల్లకి తెలీదు.

ప్రెసిడెంటు గారు పెద్ద ప్లీడరు. మంచివారే అనుకునేదాన్ని. ఓ రోజు కూతుర్ని దింపడానికి స్కూలుకొచ్చినప్పుడు ఉన్న మాట చెప్పేరు.

"టీచరమ్మా, మా అమ్మాయికి పద్నాలుగు నిండేయి. మాఘమాసానికి సంబంధం సిద్ధంగా ఉంది. ఈలోగా మీ స్కూలుకి ఫోర్తు ఫారం వస్తుందంటే ఆపుతాను. సంఘం తీర్మానం చేస్తే జిల్లా బోర్డుకి నేనే స్వయంగా పట్టికెళ్తాను."

"సంఘంలో ఎవరైనా అడగొచ్చాండీ?" అన్నాను.

"పంక్తిలో పరిచయం చెప్పిన ఎవరైనా అడగొచ్చమ్మా. రూలు రూలే."

ఇంకేం కావాలి? సంఘం సాయంత్రాలు ప్లీడరు గారి అరుగు మీద కూడేది. ఆడదాన్ని అక్కడికి వెళ్ళలేను గనక నన్ను సంఘంలో చేర్పించమని మా ఆయన్ని పంపించేను. వెళ్ళొచ్చేరు. చేర్పించేరాండీ అంటే, "ఆయ్, చేర్పించేను, నీకెందుకా కంగారు?" అన్నారు. నమ్మేను. కట్టుకున్నవాణ్ణి నమ్మక ఎవర్ని నమ్ముతాం?

కార్తీకమాసంలో విహారం లొల్ల దగ్గర కాలవ లాకులకని తేల్చేరు. పొద్దున్నే కాలవ రేవులో రెండు పడవలు. ముందు పడవలో తివాచీలు, పేకముక్కలు, మరచెంబుల్లో కాఫీ. వెనక పడవలో గుండిగలు, కట్టెలు, గుమ్మడికాయలు, ఆడవాళ్ళు. నేను ముందు పడవ వైపు అడుగేస్తే మా ఆయన చెయ్యి అడ్డం పెట్టేరు.

"నువ్వు వెనక పడవ."

"నేను సభ్యురాల్ని కదండీ."

"అక్కడికెళ్ళాక పంక్తిలో కూర్చుందువుగాని. ఇక్కడ రభస చెయ్యకు."

సరే కదా అని గుమ్మడికాయల పక్కన కూర్చున్నాను. ఎగువకి కదా, మనుషులు గట్టు మీంచి తాడేసి లాగుతున్నారు, పడవ నడకలాగే ఉంది. ముందు పడవలోంచి నవ్వులు. మా పడవలో ప్రెసిడెంటు గారి భార్య కత్తిపీట వేసుకుని వంకాయలు తరుగుతున్నారు. పిల్ల నా పక్కన చేరింది.

"టీచరు గారండీ, ఇవ్వాళ అడుగుతారాండీ?"

"అడుగుతాను."

"నాన్నగారు ఒప్పుకుంటారాండీ?"

"మాటిచ్చేరు కదే. ఒప్పుకోక ఎక్కడికి పోతారు?" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో.

లాకుల దగ్గర మామిడితోటలో వంటలయ్యేయి. నేను చేతులు కడుక్కుని పంక్తి దగ్గరికి వెళ్ళేసరికి ఆకులన్నిటి ముందూ మనుషులున్నారు. ఖాళీ లేదు. ఇంకో ఆకు వెయ్యమని అడిగేలోపు ప్రెసిడెంటు గారి భార్య పులిహోర బేసిను నా చేతిలో పెట్టేరు. "వడ్డించేవాళ్ళు చాలటం లేదమ్మా, కాస్త చెయ్యి వెయ్యి" అన్నారు. ఎలాగూ పరిచయాలవ్వాలి కదా, నా వంతొచ్చినప్పుడు చెప్దామని బేసిను పట్టుకుని నిలబడ్డాను.

పరిచయాలు మొదలయ్యేయి. ఒక ఎమ్మే గారు తన ప్రొఫెసరు తనని ఏమని మెచ్చుకున్నాడో ఇంగ్లీషులో చెప్పేరు. అన్నం చల్లారిపోతోంది. అప్పుడు చూసేను, మా ఆయన బి.ఏ.ల వరసలో కూర్చుని ఉన్నారు. రెండో పంక్తిలో కూర్చోవాల్సిన మనిషి తెలీక ఇక్కడ కూర్చున్నారు, నలుగుర్లో లేపేస్తారేమో పాపం అనుకున్నాను. పాపం అనుకున్నాను చూడండి!

ఆయన వంతొచ్చింది. లేచేరు. కండువా సర్దుకున్నారు.

"బి.ఏ. చరిత్ర. రెండో క్లాసు. మద్రాసు."

చరిత్ర నాది. రెండో క్లాసు నాది. మద్రాసు నాది. ఆయన రైల్లోంచి కూడా మద్రాసు చూసిన మనిషి కాదు.

"మద్రాసులో ఏ కాలేజీ అండీ?" అన్నారెవరో.

"సముద్రం ఒడ్డునున్నదండి" అన్నారు మా ఆయన. ఆ ఒడ్డునున్న మగవాళ్ళ కాలేజీ అనుకుని అందరూ తలలూపేరు. ఆయన గబుక్కున కూర్చున్నారు. నావైపు చూడలేదు. నన్ను చేర్పించడానికని వెళ్ళి, నా డిగ్రీ పెట్టి తను చేరేరన్నమాట.

వరస ఆఖరికొచ్చింది. వడ్డించండి అనబోతున్నారు ప్రెసిడెంటు గారు. నేను బేసిను కింద పెట్టి పంక్తి చివర నిలబడ్డాను.

"ఇంకా ఒకరున్నారండి. బి.ఏ. చరిత్ర. రెండో క్లాసు. మద్రాసు, ఆడవాళ్ళ కాలేజీ."

ప్రెసిడెంటు గారు ఇన్నాళ్ళూ నన్ను డిగ్రీ లేని ట్రైనింగు టీచరనే అనుకున్నారట. మొహం ఇంత చేసుకున్నారు. "ఓహో! ఇద్దరూ బి.ఏ.లేనా! ఇద్దరిదీ ఒకటే సబ్జెక్టు, ఒకటే క్లాసూనా! చూడముచ్చటగా ఉందయ్యా!" అని చప్పట్లు కొట్టేరు. పంక్తంతా కొట్టేరు. మా ఆయన మెడ ఇంకా కిందకి దిగిపోయింది.

అక్కడితో నేనూరుకుందును. నిజం చెప్తున్నాను, ఆయన దొంగతనం అలాగే దాచేద్దును. నాక్కావలసింది చప్పట్లు కాదు, ఫోర్తు ఫారం. "మీటింగులో నేనొక మాట అడగాలండి" అన్నాను.

"మీరెందుకమ్మా శ్రమ? ఇంటికి ఒక పరిచయం చాలు, ఆయన చెప్పేసేరు. మీ తరఫున ఆయన అడుగుతారు. ఏమండీ, ఏమిటి సంగతి?" అన్నారు ప్రెసిడెంటు గారు మా ఆయనకేసి తిరిగి.

మా ఆయనకి సంగతంతా తెలుసు. వారం రోజుల్నుంచి ఇంట్లో అదే మాట. ఇంకోసారి లేచి నిలబడితే మద్రాసు గురించి ఇంకేం అడుగుతారోనని భయం కాబోలు. కూర్చున్న చోటునుంచే, "అబ్బే, ఏం లేదండి. అడిగేదేం లేదు" అన్నారు.

ఏం లేదట! వంటల దగ్గర ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. నేనింక ఆగలేకపోయేను.

"ఇద్దరం కాదండి. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే బి.ఏ. అది నాది" అన్నాను.

మా ఆయన అన్నం పెట్టని ఆకుని అలాగే మడిచేసి లేచి, కాలవ గట్టుకేసి వెళ్ళిపోయేరు. ఇద్దరు ప్లీడర్లు ఆయన వెనకాల పరిగెత్తేరు, బతిమాలి తీసుకొచ్చి మళ్ళీ ఆకు వేసేరు. అదే వరసలో, బి.ఏ.ల మధ్యనే. దొంగ డిగ్రీ చెప్పినందుకు ఒక్కడంటే ఒక్కడు పల్లెత్తు మాట అనలేదు. నా మొహం చూసినవాడూ లేడు.

అయినా మీటింగులో లేచేను. నా పరిచయం నేను చెప్పేను, హక్కుంది. ఆడపిల్లలకి ఫోర్తు ఫారం అన్నానో లేదో ప్రెసిడెంటు గారు చెయ్యెత్తేరు.

"కూర్చో టీచరమ్మా. చదువుకున్న ఆడది పదిమందిలో మొగుణ్ణి ఏం చేస్తుందో కళ్ళారా చూసేం. ఇంకా ఫోర్తు ఫారం కూడానా? మా అమ్మాయికి మాత్రం ఆ చదువొద్దు తల్లీ, నీకో దణ్ణం."

పగలబడి నవ్వేరు. ఆ తరవాత తీర్మానం చేసేరు లెండి, చెయ్యకపోలేదు. వచ్చే విహారానికి సంఘం తరఫున గ్రామఫోను కొనాలని. ఏకగ్రీవంగా.

తిరుగు ప్రయాణంలో వెనక పడవలో నా చుట్టూ జాగా ఖాళీ అయిపోయింది. ప్రెసిడెంటు గారి భార్య పిల్లని తన అవతల కూర్చోపెట్టుకున్నారు. "నోరు మూసుకునుంటే నీ సొమ్మేం పోయేదమ్మా?" అన్నారు. ముందు పడవలో మా ఆయన్ని ఓదార్చి పేకాటలో కలుపుకున్నారు. ఇంటికొచ్చాక ఆయన, "నా పరువు గంగలో కలిపేసేవు" అన్నారు.

"మీ పరువు నా డిగ్రీలో ఉందాండీ?" అన్నాను. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ఆ రోజు ఊరుకుని ఉండాల్సిందని తరవాత చాలామంది చెప్పేరు. మా నాన్నగారు కూడా అన్నారు. నేనొప్పుకోను. నేను ఊరుకున్నా మా ఆయన అడిగేవారు కాదు, వాళ్ళు ఇచ్చేవారూ కాదు. నేను చేసినదాంట్లో తప్పు లేదు. ఇప్పుడడిగినా అదే చెప్తాను. మరి ఆ పిల్ల మాటేమిటి అంటారా? దానికి జవాబుంటే ఇదంతా మీకు చెప్పుకునేదాన్ని కాదు.

మాఘంలో పెళ్ళి చేసేసేరు. పిల్లని అత్తారింట దిగబెట్టడానికి రాజోలు వైపు పడవల్లో బయల్దేరేరు. అవే రెండు పడవలు. సంఘం వాళ్ళంతా తరలివచ్చేరు, వాళ్ళకి అదే ఆ ఏటి రెండో విహారం అయింది. ఏర్పాట్లన్నీ మా ఆయనవి. ఆ పని మీద ఆయనకప్పటికే మంచి పేరొచ్చేసింది.

నన్నెవరూ పిలవలేదు. అయినా రేవుకి వెళ్ళేను. పిల్ల వెనక పడవలో, సారె బిందెల మధ్య, నెత్తి మీదనుంచి కాళ్ళ దాకా పట్టుచీర కప్పుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి అంచుకి జరిగింది. వాళ్ళమ్మ వింటుందని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, గోరింటాకు వేళ్ళ సందుల్లోంచి అడిగింది.

"టీచరు గారండీ, ఫోర్తు ఫారం లెక్కలు బాగా కష్టంగా ఉంటాయాండీ?"

"ఉండవే" అన్నాను. "నీకు అసలుండవు."

ఆయ్ అన్నట్టు తలూపింది. పడవలు కదిలేయి. ముందు పడవలో మా ఆయన గొంతుక్కూర్చుని కొత్త గ్రామఫోనుకి కీ ఇస్తున్నారు.