టౌనో నోట రాని ప్రశ్న

ఆ శుక్రవారం మధ్యాహ్నం టౌనో కెంప్పైనెన్ వడ్రంగం గదిలో చెక్కపొట్టు ఊడుస్తుండగా, తొమ్మిదో తరగతి విల్యా వచ్చి తన చాకును బల్ల మీద పెట్టింది. బర్చ్ చెక్క పిడి, తోలు ఒర. ఏడాదంతా కూర్చుని తన చేత్తో చేసుకున్న చాకు.

"ఇది నీకే, టౌనో," అంది. వడ్రంగం నేర్పే మాస్టారే అయినా, ఆ బడిలో పిల్లలు అతన్ని పేరుపెట్టే పిలుస్తారు.

ఫిన్లాండ్ ఉత్తరాన, ఆ అడవుల్లో చాకు బహుమతిగా ఇవ్వడమంటే మాటలు కాదు. ఎందుకిస్తున్నావని అడగరు. పుచ్చుకుని తలూపుతారు. టౌనో తలూపాడు. కాస్త గర్వపడ్డాడు కూడా. ముప్పై ఏళ్లుగా అతని పద్ధతే అంత. దిగులుగా వచ్చిన పిల్ల చేతికి ఉలి ఇస్తాడు, ఏమీ అడగడు. వాళ్ల నాన్న అతన్ని అలాగే పెంచాడు.

కిందటి వారమే బడి సిబ్బందికి శిక్షణ జరిగింది. దిగులుగా ఉన్న పిల్లల్ని అడగాల్సిన ఒక ప్రశ్నను మనస్తత్వ నిపుణురాలు మర్కెత్తా అందరిచేతా పైకి పలికించింది: చచ్చిపోవాలని ఉందా? వంటావిడ కూడా అంది. టౌనోకు నోరు పెగల్లేదు.

"నేనడిగితే బతుకుదామనుకున్నవాడు కూడా మనసు మార్చుకుంటాడు," అన్నాడు. అందరూ నవ్వారు.

మర్కెత్తా నవ్వలేదు. "అడిగితే కొత్తగా ఆ ఆలోచన పుట్టదయ్యా. అడిగాక మాత్రం వదిలిపెట్టి పోకు. నాకు ఫోన్ చెయ్యి."

చచ్చిపోవాలనుకునేవాళ్లు ఇష్టమైన వస్తువులు పంచేయడం గురించి కూడా ఆమె ఏదో చెప్పింది. అప్పుడు టౌనో కాఫీ పోసుకుంటున్నాడు.

చాకు ఊరికే తీసుకుంటే స్నేహం తెగుతుందని బదులుగా ఒక నాణెం ఇస్తారు. ఇప్పుడు టౌనో జేబులు తడుముకున్నాడు.

"ఉండు, చిల్లర ఎక్కడో ఉండాలి."

"వద్దులే. నాకెందుకిక?"

"ఊరికే తీసుకోకూడదే!"

"నీ చిల్లర నువ్వే దాచుకో, పిసినారీ!"

నవ్వుతూనే అంది. చలికాలమంతా ముడుచుకుని కూర్చున్న పిల్ల ఇవాళ ఇంత తేలిగ్గా ఉంది. ఆ తేలిక చూశాకే టౌనోకు మర్కెత్తా చెప్పిన ఆ సంగతి గుర్తొచ్చింది.

"సోమవారం ఇస్తాలే మరి," అన్నాడు.

విల్యా సంచి భుజాన వేసుకుని తలుపు వైపు నడిచింది. బయట ఆమె ఎక్కాల్సిన బస్సు ఆగి ఉంది. పోనిచ్చి ఊరుకోవడం అతనికి చాలా సులువు. పోనిస్తే ఎవరూ తప్పుపట్టరు కూడా.

చీపురు గోడకు ఆనించాడు.

"విల్యా, చచ్చిపోవాలని ఉందా?"

ఆమె తలుపు పిడి పట్టుకుని నిలబడిపోయింది. బస్సు కదిలి వెళ్లిపోయింది.

"ఉంది," అంది.

టౌనో రెండు స్టూళ్లు లాగాడు. ఒకదాని మీద ఆమెను కూర్చోబెట్టి, పక్కనే కూర్చుని ఫోన్ చేశాడు. మర్కెత్తా మరో ఊళ్లో, మరో బడిలో ఉంది.

"పక్కనుంచి కదలకు. ఇప్పుడే బయల్దేరుతున్నా," అంది.

"ఎంత దూరంలో ఉన్నావు?"

"నూట పది కిలోమీటర్లు. దారంతా మంచు."

టౌనో తన స్టూలును విల్యా దగ్గరికి ఇంకాస్త జరుపుకున్నాడు.