ఎదుట నిలబడి చూసే మనిషి

చిత్తూరులో ఒక వడ్రంగి దంపతులను చూసి అసూయపడ్డాను. ఇప్పటికీ పడుతున్నాను.

విజయవాడలో మా ఇంటి బాల్కనీలో నేను సరదాకి చెక్కతో విల్లులు చేస్తుంటాను. అందుకే, చిత్తూరు భారతం ఉత్సవాల్లో అర్జునుడి వేషానికి విల్లు చేసిచ్చే కరీం భాయ్ ఇంటికి వెతుక్కుంటూ వెళ్లాను. వాకిట్లో ఆయన నారి కట్టిన విల్లును సగం దాకా లాగి పట్టుకున్నాడు. భార్య ఖాజాబీ ఎదురుగా కాస్త దూరంలో నిలబడి, కళ్లు చికిలించి చూస్తోంది.

"కింద కొమ్ము బాగా వంగతాండాది. పైదే, నీ మాదిరి మొండికేసింది" అంది.

ఆయన నవ్వి, పై కొమ్మును గాజుపెంకుతో గీకి మళ్లీ లాగాడు.

పిడికి పైనా కిందా ఉండే కొమ్ములు రెండూ సమానంగా వంగాలి. లాగేవాడికి ఆ వంపు సరిగా కనబడదు. నేనైతే కుర్చీ మీద ఫోన్ నిలబెట్టి వీడియో తీసుకుంటాను. ఆ మాటే చెప్పాను.

"ఇంట్లో మనుషులెవురూ లేరా అప్పా?" అన్నాడాయన.

"ఉన్నారు" అన్నాను. మా ఆవిడ ఆ బాల్కనీ తలుపు తీసి ఎన్నాళ్లయిందో మాత్రం నేను చెప్పలేదు.

చివరికి ఖాజాబీ "సాల్లే, సమంగా వచ్చింది" అంది. ఆయన విల్లు నా చేతికిచ్చాడు. బలమంతా పెట్టి లాగి, "ఎలా వంగింది?" అని అడిగాను.

తల తిప్పి చూశాను. గాజు గీరుకున్న ఆయన బొటనవేలిని ఆమె కొంగుతో అదిమి పట్టుకుని, "గుడ్డ సుట్టుకోమంటే ఇనవు కదా!" అని కసురుకుంటోంది.

నా చేతుల్లో విల్లు ఇంకా వంగే ఉంది.