అత్తమ్మా, ఆ పిల్లికూన పాలు తాగింది

నిన్న పొద్దున చంద్రపూర్ నుంచి బావ ఫోన్ చేశాడు.

"అమ్మ పోయిందే," అన్నాడు.

నేను "సరే" అని ఫోన్ పెట్టేసి మళ్లీ మెంతికూర వలుస్తూ కూర్చున్నాను. ఐదు నిమిషాల తరువాత గానీ ఆ మాట లోపలికి దిగలేదు. తిరిగి ఫోన్ చేసి "ఏమన్నవ్ బావా?" అని అడిగాను.

మా సుగుణత్తమ్మ ఇక లేదు. మా నాన్నకు అక్క. నిద్రలోనే వెళ్లిపోయింది. ఎవరితోనూ చేయించుకోకుండా పోవాలన్నది ఆమె కోరిక, అలాగే పోయింది.

నేను మరాఠీ మీడియం దాన్ని. తెలుగులో ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు, తప్పులుంటే ఓర్చుకోండి. మరాఠీలో రాస్తే అత్తమ్మ "మన మాట మర్చినవానే?" అని తిడుతుంది.

బల్లార్‌పూర్ నుంచి కాలేజీకని చంద్రపూర్ వెళ్లి మూడేళ్లు ఆమె ఇంట్లోనే ఉన్నాను. ముందు కిరాణా షాపు, వెనక ఇల్లు. వీధిలోకి కేబుల్ టీవీ అప్పుడప్పుడే వస్తున్న రోజులు. షాపు గుమ్మానికి షాంపూ సాచెట్లు దండల్లా వేలాడేవి. నాకు వాటి పిచ్చి.

ఆ పిచ్చితోనే ఒక ప్రాణం తీయబోయాను.

ఎలుకల కోసమని షాపులో రాణి అనే పిల్లిని పెంచేవాళ్లు. దానికి తొలిచూలు కాన్పు. ఒక ఆదివారం పొద్దున్నుంచీ జొన్న బస్తాల వెనక నొప్పులు పడుతూనే ఉంది. రెండు పిల్లలు పుట్టాయి, రెండింట్లోనూ ప్రాణం లేదు. మూడోది వెనక కాళ్లు బయటికొచ్చి ఆగిపోయింది.

అత్తమ్మ రాజురా దగ్గర పల్లెలో బర్రెల మధ్య పెరిగిన మనిషి. చేతికి నువ్వుల నూనె రాసుకుని, పాత ధోవతి గుడ్డతో ఆ కాళ్లు పట్టుకుంది. రాణికి నొప్పి వచ్చినప్పుడు మెల్లగా లాగింది. నొప్పి ఆగితే తనూ ఆగింది.

పిల్ల బయటపడింది గానీ కదల్లేదు. ముక్కు తుడిచి, వీపు రుద్దీ రుద్దీ... చివరికి కీమంది.

"తల్లి దగ్గర పెట్టు," అని నాకిచ్చి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

నేనేం చేశానో తెలుసా?

స్నానం చేయించాను!

మన ఇళ్లల్లో బిడ్డ పుట్టగానే నీళ్లు పోస్తారు కదా. ఆ రక్తం, జిగురు చూసి పాపం అనిపించింది. గోరువెచ్చని నీళ్లు, గులాబీ వాసన షాంపూ ఒక సాచెట్, ఆపైన సాంబ్రాణి పొగ. అంత పద్ధతిగా చేశాను.

తీసుకెళ్లి పెడితే రాణి ఒకసారి వాసన చూసి బుస్సుమంది. మళ్లీ పెట్టాను. కాలితో నెట్టేసింది. పిల్ల నోరు తెరుస్తోంది గానీ చప్పుడు రావడం లేదు. నా చేతుల్లోనే చల్లబడుతోంది. మిగిలిన ఒక్కదాన్నీ నేనే చంపేస్తున్నానని అర్థమై గట్టిగా ఏడ్చేశాను.

అత్తమ్మ పరుగున వచ్చి, పిల్లను ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇదేం వాసనే పోరీ? పెండ్లికి తోల్తున్నవా దీన్ని?"

అంతే.

కాన్పు అయిన గుడ్డ తెచ్చి దానితో పిల్ల ఒళ్లంతా రుద్దింది, తల్లి వాసన మళ్లీ పట్టాలని. కొంగులో చుట్టి పొట్టకు ఆనించుకుని వెచ్చబెట్టింది. షాపు నిండా గిరాకీ, ముందు నుంచి మామయ్య ఒకటే పిలుపు. అత్తమ్మ కూర్చున్న చోటు నుంచే మరాఠీలో అరిచింది.

"జరా థాంబా! ఘరాత్ బాళంతీణ్ ఆహే!"

ఆగండి, ఇంట్లో బాలింత ఉందని.

ఒక చేత్తో రాణి గదవ కింద గోకుతూ, రెండో చేత్తో ఒక పాలచుక్క పిండి పిల్ల మూతికి రాసింది. అది నోరు పెట్టింది, జారిపోయింది. మళ్లీ పెట్టింది, మళ్లీ జారింది. నేను ఆత్రంకొద్దీ దాని తల నొక్కబోతే నా చెయ్యి పట్టుకుంది.

"నూకకు బిడ్డా. యెనక వేలు పెట్టి ఉంచు, గంతే. మిగిలింది అదే జేస్కుంటది."

నా వేలి మీద తన వేలు ఆనించి కూర్చుంది. కాళ్లు తిమ్మిరెక్కాయి. ఉన్నట్టుండి నా వేలికి తెలిసింది, ఆ చిన్న తల ముందుకూ వెనక్కూ ఊగుతోంది. తాగుతోంది!

రాణి మెడ తిప్పి దాన్ని నాకడం మొదలుపెట్టింది. నా గులాబీ వాసనంతా పోయేదాకా నాకింది.

మర్నాడు పక్కింటి మరాఠీ ఆవిడ బాలింత కోసమని డబ్బా నిండా గోందు బంక లడ్డూలు చేసి తెచ్చింది. అత్తమ్మ ఏమీ ఎరగనట్టు తీసుకుంది. ఆమె వెళ్లాక నాతో, "పిల్లి అని చెప్తే పాపం ఆమె మొకం చిన్నబోతది. తిను, నిన్న నువ్వేమన్న తక్వ ఏడ్చినవా?" అంది. వారం రోజులు ఇద్దరం తిన్నాం.

కొన్నేళ్లకు మా పాప పుట్టింది. రెండు రోజులైనా పాలు పట్టలేదు. ఒక్కొక్కరిది ఒక్కో సలహా, నాది ఏడుపు. అత్తమ్మ బస్సెక్కి వచ్చింది. మంచం మీద నా పక్కన కూర్చుని, పాప తల వెనక ఉన్న నా చేతి మీద చెయ్యి వేసి, "యాదికున్నదా?" అంది. ఏడుస్తూనే నవ్వాను. ఆ పూటే పాప పాలు తాగింది.

నిన్న నేను చేరాక, ఆమెను తీసుకెళ్లే ముందు నోట్లో తులసి నీళ్లు పొయ్యమన్నారు. "జల్ది కానియ్యుండ్రి," అన్నారెవరో. నేను తొందరపడలేదు. అత్తమ్మ తల వెనక చెయ్యి పెట్టి ఉంచాను. ఒక్కో చుక్కా పోశాను.

ఏడుపు రాలేదంటే నమ్మండి. ఇంత మంచి మనిషి చేతి కింద పెరిగానన్న తృప్తే ఉంది.

హాయిగా పడుకో అత్తమ్మా. గిరాకీ ఎవరొచ్చినా ఆగమని మేం చెప్తాం.