తడి ఆరని సింహం

ఒకప్పుడు అమెరికా పోయే ఆవిరి ఓడలకు టికెట్లు అమ్మిన గదిలోనే ఇప్పుడు బ్రీజ్ లూసీ అనే ముసలామె కొట్టు. ఐర్లండులోని ఆ కోవ్ రేవు నుంచి వలసపోయినవాళ్ళ మునిమనవలు వచ్చి ఇంటిపేరు చెబితే, చెక్క డాలు మీద ఆ పేరుకున్న వంశచిహ్నం గీసిస్తుంది. డెబ్బై ఏళ్ళు వచ్చినా ఆమె గీత వంకర పోదు. గీత గీసే ముందు కుంచె మొనను బొటనవేలి గోటి మీద తిప్పి, ఊపిరి బిగబడుతుంది.

మొన్న బోస్టన్ నుంచి గార్వన్ అనే ఇంటిపేరున్న అరవై ఏళ్ళాయన వచ్చాడు. చేతిలో ఓడ జాబితా నకలు: ముత్తాత, ఐదుగురు పిల్లలు, ఊరు కిల్మోరా. బ్రీజ్ కుంచె ఆగిపోయింది. అది ఆమె అవ్వ పుట్టిన ఊరు. గార్వన్ల వంశచిహ్నమైన ఎర్ర సింహం అక్కడి జమీందారుది. తన ఇంటిపేరే ఉన్న కౌలుదార్ల కొంపలు కూడా కూల్చి ఓడెక్కించిన మహానుభావుడు. ఆ సింహమున్న గేటు దాటినప్పుడల్లా అవ్వ తుపుక్కున ఉమ్మేది.

"నాయనా, ఈ గుర్తు ఒక్క ఇంటిదే. పేరున్నవాళ్ళందరిదీ కాదు," అంది మెల్లగా.

"ఆ ఇల్లు మాదే అనుకోండమ్మా! మనకూ ఓ గుర్తు ఉండే ఉంటుందిరా అంటూనే పోయాడు మా నాన్న," అని ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

బ్రీజ్ మళ్ళీ కుంచె అందుకుని ఎర్ర సింహాన్ని గీసింది. సింహానికి గోళ్ళు కూడా పెట్టింది. ఆయన డాలు అందుకోగానే మాత్రం, "తడి ఆరలేదు నాయనా, గుండెకు ఆనించకు!" అని అరిచింది.

అప్పటికే హత్తుకున్నాడు. తెల్లచొక్కా మీద సింహం ఎర్రగా దిగింది. బ్రీజ్ రంగు వదలగొట్టే టర్పెంటైన్ గుడ్డతో తుడిచేకొద్దీ మరక పాకింది.

"పోనీలెండమ్మా, మాదేగా," అన్నాడాయన.