రాడెగుండమ్మ పేరులో రెండో సగం

పాతబస్తీలో మా సర్కారు దవాఖానాలో ముప్పై ఏళ్లు గాయాలకు కట్లు కట్టిన రాడెగుండమ్మ గారు మంగళవారం ఉదయం ప్రభువు సన్నిధికి చేరారు. ఆమె కూతురు మేరీ ఫోన్ చేసి చెప్పింది. "అట్లాగా" అని ఫోన్ పెట్టేశాను. అదే దవాఖానాలో మందులిచ్చినవాణ్ణి నేను. దుఃఖం ఇంకా నా దాకా రాలేదు.

ఆమె పుట్టినప్పుడు పురుడు పోసిన జర్మన్ సిస్టర్ తన తల్లి పేరే ఆమెకు పెట్టిందట. ఆ దేశంలోనూ ఇప్పుడది అరుదైన నామధేయం. నోరు తిరగక ఎవరైనా "రాణీ" అని పిలిస్తే ఆమె పలికేవారు కాదు.

ఒకసారి బేగంబజార్ హమాలీ ఒకతను కాలి పుండుతో వచ్చి, కట్టు ముట్టుకోనివ్వక గోల పెట్టాడు. "నాది రాడెగుండ. నీ పేరు పూరా చెప్పు భాయ్. పేరు తెల్వనోళ్ల పుండు నేను ముట్ట" అన్నారామె. అతను తండ్రి పేరూ తాత పేరూ కలిపి చెప్పేలోగా పాత కట్టు ఊడొచ్చింది. ఎవరొచ్చినా అదే పద్ధతి.

ఆమె అత్తగారు మాత్రం ఇంట్లో జగడాలన్నిటికీ ఆ పేరే కారణమనేది. "సార్, నా పేరుకు మతలబ్ ఏంది? జర చూసి చెప్పుండ్రి" అని ఒకనాడు నన్నడిగారు. పుస్తకాలు వెతికాను. మొదటి సగానికి సలహా అని అర్థం, రెండో సగానికి యుద్ధం. పూర్వం ఆ పేరుగల రాణి ఒకావిడ అంతఃపురం విడిచి, మఠంలో చేరి, రోగుల పుండ్లు కడిగిందట. రాణి కథా, సలహా సంగతీ చెప్పాను. యుద్ధాన్ని మింగేశాను. అత్తగారి మాటే నిజమనడానికి నాకు నోరు రాలేదు.

"సలహానా! మస్తుంది సార్" అని వార్డంతా తిరిగి చెప్పుకున్నారు. మళ్లీ అడుగుతారేమోనని నేను పదిహేనేళ్లు భయపడ్డాను. అడగలేదు.

సమాధి దగ్గర ఫాదర్ నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. ఆమె ముందు మళ్లీ అబద్ధమాడలేకపోయాను. యుద్ధం అనే అర్థమూ ఉందని, తెలిసీ దాచానని ఒప్పుకున్నాను.

మట్టి వేశాక మేరీ నా పక్కకు వచ్చింది.

"అమ్మకు ఎరుకే సార్. మీరు చెప్పిన వారానికే చర్చిల సిస్టరమ్మను అడిగింది. 'పాపం, సార్ నా కోసం దాసిండు. అడిగితే సిగ్గుపడతడు, నువ్వు గూడ అనకు' అన్నది."

ఎందరి పుండ్లనో నొప్పి తెలియకుండా కడిగిన ఆ చేతులకు నా నమస్సులు. అటువంటి మనిషి మాకిక దొరకరు.

ఇప్పుడు నిజంగానే సిగ్గుపడుతున్నానమ్మా. అడగడానికి మీరు లేరు.