ఒక్క గుంత చూసి

పత్రికలో చేరిన కొత్తలో నాకు నేర్పింది ఒకటే: ఎవరు చెప్పారు, వాళ్లకెట్లా తెలుసు అని అడగడం. ఆ ప్రశ్న సొంతవాళ్లను అడిగితే ఏమవుతుందో ఎవరూ నేర్పలేదు.

పందొమ్మిది వందల యాభైల్లో, వరసగా వానలు తప్పిన కాలం. కోయిలకుంట్ల దగ్గర మా మేనమామకు బావి కింద మడి ఒకటి ఉండేది. ఎండాకాలంలో ఆ ఊళ్లో పచ్చగా కనిపించే నేల అదొక్కటే. ఆ ఇంటి తిండి దాని మీదే. దాన్ని అమ్మి, ఎర్రగుంట్ల వైపు ఒక చేనును నాపరాళ్ల గని కోసం కౌలుకు తీసుకోవాలనుకున్నాడు మామ. చేను సొంతదారు ఆయనకు వరసకు బావ. చేలో ఒక మూల తవ్వించిన గుంతలో రాయి చూపించాడు. మామ సుత్తితో కొట్టి చూశాడు. పగులు లేని నాపరాయి కంచులా మోగుతుంది, పగులుంటే బొంగురు చప్పుడు వస్తుంది. ఆ రాయి మోగింది.

మామ ఆ సంగతి సంబరంగా చెబుతుంటే అత్త వంటింటి గడపలో నుంచి నాతో మాట కలిపింది. ఆయనతో నేరుగా వాదించేది కాదు, ఎవరో ఒకరిని మధ్యన పెట్టుకునేది.

“మీ మామను అడుగు నాయనా. ఆ గుంత యాడ తవ్వాలో చెప్పిందెవరంట?”

“ఇంకెవరు, చేను గలాయనే,” అన్నాడు మామ.

“అట్లయితే ఈయన చూపిచ్చిన తావున ఇంగో గుంత తవ్వమను. మడి యాడికీ పారిపోదు.”

మామ ముఖం మాడింది. “వాళ్లింట్లో కూచోని అన్నం తిని వచ్చినా. చెయ్యి కడుక్కోని, నీ మాట నమ్మను, గడ్డపార తేప్పా అనాల్నా?”

“అనుమానం కాదు మామా. మంచి రాయి చేలో ఎంత మేరకు ఉందో చూసుకోవడం,” అన్నాను.

“పేపరోడా! మీకు కుక్క మొరిగినా ఇద్దరు సాచ్చులు కావాల. మాకు మాట సాలు.”

ఒకరింట్లో తిన్నాక వాళ్ల మాటను పరీక్షించడమంటే మావైపు కయ్యానికి పిలవడమే. మడి అమ్ముడైంది.

గని తెరిచాక, ఆ మూల దాటిన కాస్త దూరానికే రాయి గొంతు మారింది. ఎక్కడ కొట్టినా బొంగురే. పలకలు లేపబోతే చేతుల్లోనే ముక్కలయ్యేవి. బేరానికి వచ్చినవాళ్లు బండ్లు ఖాళీగా మళ్లించుకుపోయారు.

బావ మోసం చేశాడన్నాడు మామ. రెండిళ్ల మధ్య రాకపోకలు తెగిపోయాయి. నేను పోయి, ఆ గుంత తవ్విన కూలీలను అడిగాను.

“ఆ మూలన మన్ను పల్చగా ఉండాది సామీ, తవ్వను సులువని ఆడ తవ్వినాం,” అన్నాడొకతను. “మిగతా చేను ఆయప్ప గూడా సూళ్లేదు.”

అదే మామకు చెప్పాను.

“వాళ్లింట్లో నువ్వు గూడా తిన్యావా అల్లుడా?”

మంచినీళ్లు కూడా తాగలేదన్నాను. నమ్మలేదు.

మరుసటి ఏడు అత్త ఆ మడిలోకే కూలికి పోయింది. గట్టు మీద నన్ను చూసి తలెత్తింది.

“మీ మామ యాడుండాడు నాయనా?”

“గని దగ్గర.”

“ఇంగా రాయి కొట్టి సూస్తాండాడా?” అని, జవాబు కోసం ఆగకుండా కలుపులోకి వంగింది.