మరుగుజ్జు రాణి నడక

2018 సెప్టెంబరులో డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లోని ఒక వీడియో గేమ్ స్టూడియోలో లోర్ ఎడిటర్‌గా చేరాను. అంతకు ముందు అదే ఊళ్లో గేమ్‌లలో తప్పులు పట్టే టెస్టర్‌గా, ఆ తరువాత సంభాషణల ఎడిటర్‌గా చాలా ఏళ్లు చేశాను. లోర్ అంటే ఆటలో కనిపించే ప్రపంచానికి వెనకాల ఉండే చరిత్ర. ఎవరు ఎక్కడ పుట్టారు, ఎవరికి ఎవరంటే పగ, ఏ జాతి ఏ దేవుణ్ణి నమ్ముతుంది అన్నది ఆట తయారు కాకముందే రాసి పెట్టాలి. ఆడేవాళ్లలో దాన్ని చదివేవాళ్లు తక్కువ. కానీ బొమ్మలు గీసేవాళ్లు, గొంతు ఇచ్చేవాళ్లు, దుస్తులు రూపొందించేవాళ్లు అందరూ దాని మీదే ఆధారపడతారు. హోదాలో నా పైన క్రియేటివ్ డైరెక్టర్ కానర్ ఉండేవాడు. ఆట రూపురేఖల మీద చివరి మాట అతనిది.

నాకు అప్పజెప్పిన పని మరుగుజ్జుల రాజ్యం. భూమి అడుగున ఉండే ఆ రాజ్యానికి పుట్టుక, చరిత్ర, పేరున్న మనుషులు కావాలన్నారు. ముందు పాత కథలన్నీ చదవమన్నారు. నేను ఉండే ఆడమ్స్‌టౌన్ నుంచి ఆఫీసుకు వెళ్లే రైల్లో కూర్చుని చదివేదాన్ని.

ఉత్తర దేశాల కథల్లో మరుగుజ్జుల పుట్టుక గౌరవంగా ఏమీ ఉండదు. దేవతలు మొదటి రాక్షసుణ్ణి చంపి అతని శరీరంతో లోకాన్ని చేశారట. ఆ మాంసంలో పురుగులు పుట్టాయి. వాటికి దేవతలు మనిషి రూపం, తెలివి ఇచ్చారు. వాళ్లే మరుగుజ్జులు. వాళ్లలో నలుగురికి ఆకాశాన్ని నాలుగు మూలలా మోసే పని పడింది. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అనే అర్థం వచ్చే పేర్లు తప్ప వాళ్ల గురించి ఆ కథలు ఇంకేమీ చెప్పవు. సింద్రీ, బ్రోక్ అనే అన్నదమ్ములు ఉరుముల దేవుడి సుత్తిని చేశారు. వాళ్లు అంత మంచివి చేయలేరని తల పందెం కాసి ఓడిపోయిన లోకీ అనే దేవుడు, తల మీదే తప్ప మెడ మీద మీకు హక్కు లేదని వాదించి తప్పించుకున్నాడు. బ్రోక్ చేయగలిగిందల్లా వాడి పెదవులు కుట్టేయడం. ఆంద్వరి అనేవాడు చేప రూపంలో జలపాతం కింద బతికేవాడు. లోకీ అతన్ని వల వేసి పట్టి, కూడబెట్టుకున్న బంగారమంతా లాక్కుని, చివరికి దాచుకున్న ఒక్క ఉంగరాన్ని కూడా వదల్లేదు.

చదివే కొద్దీ ఒక సంగతి అర్థమైంది. దేవతల చేతిలో ఉన్న ప్రతి మంచి వస్తువూ మరుగుజ్జులు చేసిందే. చేసినవాళ్లకు దక్కింది మాత్రం పిసినారులన్న పేరు. ఇంకో సంగతి నన్ను మరీ ఆశ్చర్యపరిచింది. వాళ్లు పొట్టివాళ్లని ఆ పాత కథలు స్పష్టంగా ఎక్కడా చెప్పవు. పొట్టితనం, గడ్డం, నవ్వు పుట్టించే వాలకం తరువాతి కాలంలో ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. ఐర్లండ్‌లోనూ అదే జరిగింది. పాత కథల్లో నిద్రపోతున్న రాజును సముద్రంలోకి ఈడ్చుకుపోబోయిన చిన్న దేహాలవాళ్లు, ఇప్పుడు ఆకుపచ్చ టోపీ పెట్టుకుని టూరిస్టు దుకాణాల్లో అయస్కాంతం బొమ్మలుగా వేలాడుతున్నారు.

వీటన్నిటినీ దృష్టిలో పెట్టుకుని కొలిమి రాణి అనే పాత్రను రాశాను. చేసిన పనికి పేరు అడిగిన మొదటి మరుగుజ్జు ఆమె. కానర్‌కు నచ్చింది. ఆ పాత్రకు నిజంగా పొట్టిగా ఉండే నటినే తీసుకుందామని అన్నది కూడా అతనే. అది మాత్రం దాచకుండా చెప్పాలి.

అలా వచ్చింది గ్రాన్యా. కార్క్ దగ్గర రింగాస్కిడీలో పుట్టి పెరిగింది. వాళ్ల నాన్న అక్కడి మందుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. పుట్టుకతోనే ఎముకలు పొట్టిగా ఎదిగే తత్వం ఆమెది. నాటకాల్లో పేరు తెచ్చుకున్న నటి. ఆకుపచ్చ టోపీ వేషాలకు ఎంత ఇస్తామన్నా ఒప్పుకోలేదు. మొదటి రోజే నాతో, "మీరు రాసింది చదివాకే ఒప్పుకున్నాను. ఇందులో ఎవరూ నన్ను ఎత్తి గిరాటు వేయరు కదా?" అని అడిగింది. వేయరని చెప్పాను. నేను రాసినదాంట్లో అలాంటిది లేదు.

మోషన్ క్యాప్చర్ అనే పద్ధతిలో నటి ఒంటికి అతుక్కునే దుస్తులు వేసుకుంటుంది. వాటి మీద చిన్న చిన్న తెల్లని గోళీలు అంటించి ఉంటాయి. చుట్టూ ఉన్న కెమెరాలు ఆ గోళీల కదలికను పట్టుకుంటాయి. మనిషి మొహం, రంగు ఏవీ నమోదు కావు. కదలిక ఒక్కటే మిగులుతుంది. ఆ కదలికను కంప్యూటర్‌లో తయారుచేసిన బొమ్మకు తొడుగుతారు.

గ్రాన్యా నడకలో పుట్టుకతో వచ్చిన ఊపు ఉంటుంది. తుంటి కీళ్ల వల్ల అడుగడుగుకీ ఒళ్లు ఒక పక్కకు ఒరుగుతుంది. దాన్ని ఆమె దాచలేదు. పెద్ద సుత్తి భుజాన వేసుకుని, బరువు తెలిసిన మనిషి తన కొలిమిలో తాను తిరిగినట్టు నడిచింది. ఆ నడక కుదరడానికి చాలా రోజులు కష్టపడింది. సాయంత్రానికి కాళ్లు వాచేవి. మధ్యలో కుర్చీలో కూర్చుని మంచు గడ్డల సంచీ మోకాళ్ల మీద పెట్టుకునేది. అలాంటి ఒక విరామంలో ఆమెకు మన వాలఖిల్యుల కథ చెప్పాను. బొటనవేలంత ఋషులు అందరూ కలిసి ఒక పుల్ల మోసుకుపోతూ, ఆవు గిట్ట గుంటలో నిలిచిన నీళ్లు దాటలేక అవస్థ పడుతుంటే ఇంద్రుడు చూసి నవ్వాడు. వాళ్లు కోపంతో ఇంకో ఇంద్రుణ్ణి పుట్టించడానికి యజ్ఞం మొదలుపెట్టారు.

"నవ్వినవాడు భయపడ్డాడా?" అంది గ్రాన్యా.

భయపడి కశ్యపుడి దగ్గరికి పరుగెత్తాడని చెప్పాను. ఆమె చాలాసేపు నవ్వింది.

చిత్రీకరణ అయ్యాక మొదటి బిల్డ్ సిద్ధమైంది. బిల్డ్ అంటే ఆడి చూడటానికి వీలుగా కూర్చిన పచ్చి రూపం. దాన్ని బయటి కుర్రాళ్లతో ఆడించి అభిప్రాయాలు అడుగుతారు. ఈమె మరుగుజ్జులా లేదన్నారు వాళ్లు. గడ్డం లేదు, తాగదు, నవ్వు రాదు అన్నారు. డబ్బు పెట్టిన పబ్లిషర్ల నుంచి మార్పులు చేయమని ఆదేశం వచ్చింది. మార్పులను పరిశీలించే కంటెంట్ రివ్యూ సమావేశంలో నేను అభ్యంతరం చెప్పాను. సంస్థ నియమాల ప్రకారం లోర్‌కు విరుద్ధమైన మార్పు ఏదైనా నా దగ్గరికి రావాలి. కానర్ ఓపిగ్గా విని, కథలో ఒక్క ముక్క కూడా మారదని, మారేది పై రూపం మాత్రమేనని, అంతా గ్రాండ్‌గానే, అంటే బాగానే, ఉంటుందని అన్నాడు.

ఏం మారిందో నాకు చెప్పింది ప్రవీణ్. కరీంనగర్ నుంచి వచ్చిన యానిమేటర్, మా టీమ్‌లో నేను కాక తెలుగు మనిషి అతనొక్కడే. ఒకరోజు మధ్యాహ్నం తన తెరను నా వైపు తిప్పి చూపించాడు. కొలిమి రాణికి బొడ్డు దాకా గడ్డం వచ్చింది. పొట్ట వచ్చింది. నడుస్తుంటే బాతులా అటూ ఇటూ ఊగిపోతోంది. నాలుగు అడుగులకోసారి సుత్తి బరువుకు వెనక్కి పడుతోంది.

"ఎవరు నడిచారిది? వేరే నటుణ్ణి తెచ్చారా?" అని అడిగాను.

"ఎవర్నీ తేలేదాంటీ. గ్రాన్యాదే డేటా. తుంటి కాడ ఊపు ఎక్కువ జేసిన, అంతే. కొత్తగ తీయనీకె బడ్జెట్ లేదన్నరు."

"ఆవిడకు చెప్పారా?"

"కాంట్రాక్టుల డేటా స్టూడియోదేనట. ఏమైన మార్చుకోవచ్చట. లీగల్ వాళ్లు చూసిన్రు." తెరను మళ్లీ తన వైపు తిప్పుకుని, "నేను జెయ్యనంటె ఇంకొకడు జేస్తడాంటీ. నాది ఇంక వర్క్ పర్మిట్ మీదనే ఉన్నది. మొన్ననే ఇల్లు లీజుకు తీసుకున్న," అన్నాడు.

నేరుగా కానర్ గదికి వెళ్లాను. ఒక మనిషి శరీరంలోని నొప్పిని తీసుకుని దాన్ని రెట్టింపు చేసి హాస్యం కింద అమ్మడం తగదని చెప్పాను. కానర్ తల ఎత్తకుండా, పాత్ర లాక్ అయిపోయిందన్నాడు. లాక్ అంటే ఆ తరువాత ఎవరూ ముట్టుకోకూడదని మా వృత్తిలో అర్థం. ఇది మరుగుజ్జుల ఆట సుజాతా, మనుషుల గురించి కాదు, అని కూడా అన్నాడు.

ఆ శనివారం గ్రాన్యాను చూడటానికి రింగాస్కిడీకి కారు వేసుకుని వెళ్లాను. సంగతి ఆమెకు తెర మీద చూస్తే తెలియడం కన్నా నా నోటి నుంచి వినడం నయం అనిపించింది. గ్రాన్యా వంటింట్లో నిలబడి టీ పెడుతూ మొత్తం విన్నది. కప్పులు తీయడానికి చిన్న స్టూలు ఎక్కి ప్రెస్ అని ఇక్కడ పిలిచే గోడ అల్మారా తలుపు తెరిచి, అక్కడే ఆగిపోయింది.

"పడిపోవడం కూడా పెట్టారా?" అని అడిగింది.

పెట్టారని చెప్పాను.

"ఆ ఆట వాళ్లు ఆపేస్తే ఆగిపోతుంది. నేను ఇదే నడకతో రేపు పాల కోసం షాపుకు వెళ్లాలి. ఈ ఊరి పిల్లలందరూ ఆడతారు దాన్ని," అంది. తరువాత లాయర్‌ను అడిగింది. కాంట్రాక్టు గట్టిగా ఉందని, కోర్టుకు వెళ్తే నష్టపోతావని ఆయన చెప్పాడు.

విడుదలకు ముందు డబ్లిన్‌లో ఒక హాల్లో పత్రికల వాళ్లకు, అభిమానులకు ప్రదర్శన ఏర్పాటు చేశారు. తలుపు దగ్గర గడ్డం పెట్టుకుని అతిథులకు స్వాగతం చెప్పగలరా అని స్టూడియో నుంచి గ్రాన్యాను అడిగారట. రానని చెప్పి, ప్రేక్షకురాలిగా టికెట్ తీసుకుని వచ్చింది. నల్లని కోటు వేసుకుని మూడో వరుసలో నా పక్కన కూర్చుంది. వేదిక మీద కానర్ మరుగుజ్జుల చరిత్ర చెప్పాడు. రాక్షసుడి మాంసం, ఆకాశం మోసే నలుగురు, ఆంద్వరి ఉంగరం. అన్నీ నా వాక్యాలే. బాగానే చెప్పాడు. తరువాత తెర మీదికి కొలిమి రాణి వచ్చింది. నాలుగు అడుగులు వేసి వెనక్కి పడింది. హాలంతా ఘొల్లుమంది.

గ్రాన్యా చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా చూసింది. ప్రశ్నలు అడగమన్నప్పుడు చెయ్యెత్తింది. మైకు ఇచ్చారు.

"ఆ నడక ఎవరిది?"

కానర్ ఆమెను గుర్తుపట్టాడు. ఒక్క క్షణం తడబడి, మా యానిమేషన్ టీమ్ అద్భుతంగా పనిచేసింది, అన్నాడు.

ఆమె మైకు నా చేతికి ఇచ్చి లేచింది. వరుసలోంచి బయటికి వచ్చి, హాలు మధ్య దారిలో వెనక తలుపు వైపు నడిచింది. తొందరపడలేదు. చిత్రీకరణలో నడిచిన నడకే అది, రాణి నడక. మొదట హాలు నిశ్శబ్దమైంది. ఆ దారి పొడవునా జనం తలలు తిప్పి చూశారు. వాళ్లకు అర్థమైందనే అనుకున్నాను. అప్పుడు వెనక వరుసలో ఎవరో చప్పట్లు కొట్టారు. పక్కవాళ్లు కూడా అందుకున్నారు. ఇదంతా కార్యక్రమంలో భాగమనుకున్నారు. ఆమె తలుపు చేరేసరికి హాలు మొత్తం ఈలలు, చప్పట్లు. ఒకడు "పడు, పడు!" అని అరిచాడు.

నా చేతిలో మైకు ఉంది. ఆ మనిషి ఎవరో, ఆ నడక ఎవరిదో దాంట్లో చెప్పాను. చప్పట్లలో అది ఎవరికీ వినపడలేదు. రెండో వాక్యానికి మైకు ఆపేశారు.

బయటికి పరుగెత్తేసరికి గ్రాన్యా మెట్ల మీద కూర్చుని ఉంది. ఏడవలేదు. "మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి, టాక్సీ పిలుస్తావా?" అని మాత్రం అడిగింది.

ఆట బాగా అమ్ముడుపోయింది. దానికి బహుమతి కూడా వచ్చింది. నా కాంట్రాక్టు పొడిగించలేదు. రిటైరయ్యే వయసు కూడా దగ్గర పడటంతో ఇక పని మానేశాను. ప్రవీణ్‌కు ప్రమోషన్ వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేసి, చెప్పలేక పెట్టేశాడు. కార్క్ సిటీలో బస్సు దిగుతుంటే పిల్లలు వెనకాల ఊగుతూ నడిచి, నేల మీద పడి నవ్వుతున్నారని గ్రాన్యా చెప్పింది. గార్డులకు, అంటే ఇక్కడి పోలీసులకు, ఫిర్యాదు చేస్తే, ఆటే కదా అన్నారట. ఆమె నాటకాలు మానలేదు గానీ, వేదిక మీద నడిచే పాత్రలు ఒప్పుకోవడం మానేసింది. కూర్చుని చెప్పే పాత్రలే వేస్తోంది.

మా ఆడమ్స్‌టౌన్‌లో ఒక తెలుగు వాళ్ల బాబు పుట్టినరోజుకు పిల్లలు ఆ నడక నడిచారు. వాళ్లను ఆపి, అది ఎవరి నడకో చెప్పబోయాను. "ఇట్స్ ఓన్లీ అ గేమ్, ఆంటీ," అన్నాడు పుట్టినరోజు బాబు, మర్యాదగానే.

ఈ పని నాకు నేర్పింది ఇంతే. పాత్ర పుట్టుక రాసినవాళ్లకు దాని రూపం మీద అధికారం ఉండదు. మంచి చరిత్ర రాస్తే పాత్రకు రక్షణ ఉంటుందని నేను అనుకున్నాను. అది నిజం కాదు. చరిత్రను వేదిక మీద చదివి వినిపిస్తూనే, దాని పక్కన దానికి పూర్తిగా విరుద్ధమైన బొమ్మను నిలబెట్టవచ్చు, ఎవరికీ తేడా కనపడదు. ఈ వృత్తిలోకి వచ్చే నటీనటులు ఇప్పుడు నన్ను సలహా అడిగితే కథ ఎలా ఉందో చూడమని చెప్పను. కదలిక ఎవరి సొత్తో, దాన్ని ఎంతవరకు మార్చవచ్చో సంతకం పెట్టకముందే రాయించుకోమంటాను. రాయమంటే ఇంకొకరిని తీసుకుంటామంటున్నారని చాలామంది తిరిగి వచ్చి చెప్పారు. అయినా తరువాత అడిగేవాళ్లకూ అదే చెబుతున్నాను.